మెల్లగా పరిగెత్తిన అన్న

నాయన పోయాక ఇంట్లో సామాను తీసేయడానికి అన్నా నేనూ మా ఊరికి వెళ్లాం. ఐరాలకు అవతల, చెరకు తోటల మధ్య చిన్న పల్లె మాది. ఇంటికి చాలా కాలంగా తాళం వేసి ఉంది. ఎలుకలు కొట్టిన గోనెసంచులు, అడుగు మాడిపోయిన సంగటి చట్టి, అమ్మ తిరగలి, అన్నీ బూజు పట్టి ఉన్నాయి. వాకిలి తలుపు వెనక మేకుకు నాయన చర్నాకోల వేలాడుతూ ఉంది. ఎద్దుల్ని అమ్మేసి ఎన్ని ఏళ్లయినా ఆయన దాన్ని అక్కడినుంచి తీయలేదు. తోలు ఎండి కట్టెలా బిగుసుకుపోయింది. అన్న దాని ముందు కాసేపు నిలబడ్డాడు. తరవాత దాన్ని తీసుకుని పెరట్లోకి పోయి, నీళ్ల పొయ్యి వెలిగించి, రెండుగా విరిచి అందులో పెట్టాడు. తోలు కాలే కంపు పెరడంతా నిండింది. ఆ మంటమీద కాగిన నీళ్లతో తలారా స్నానం చేశాడు. తల తుడుచుకుంటూ వచ్చి, “ఆ తిరగలి నువ్వెత్తుకోనిపో పాపా, అమ్మ గుర్తుగా ఉంటాది” అన్నాడు.

నేను తిరుపతిలో బడిపిల్లలకు తెలుగు చెప్పి రిటైరయ్యాను. రోజూ పొద్దున్నే కొండ కింది రోడ్డులో పరిగెత్తుతాను. దాన్ని పరుగంటే చూసేవాళ్లు ఒప్పుకోరు. చెయ్యి ఊపుకుంటూ నడిచేవాళ్లు నన్ను దాటిపోతారు. మా ఎదురింటి అమ్మాయి ఒకరోజు నవ్వు ఆపుకోలేక, “ఆంటీ, మీరు ఉరికేదానికన్నా నడిస్తేనే బిరీన పోతారు. ఎవురు నేర్పించినారు మీకిది?” అని అడిగింది. మా అన్న అని చెప్పాను. అన్నకెవరు నేర్పారని అడుగుతుందేమోనని భయపడ్డాను గాని, అడగలేదు. ఇప్పుడు నాయన లేడు. చెప్పవచ్చుననిపిస్తోంది.

మా తోటకూ దాయాదుల తోటకూ మధ్య ఒక గట్టు ఉండేది. ఆ గట్టు మీదే మా తాతను గడ్డపారతో కొట్టి చంపారు. నాయనకు అప్పటికి మీసాలు కూడా రాలేదు. పగిలిన తలను ఒడిలో పెట్టుకుని, ఎద్దుల బండి వచ్చేదాకా కూర్చున్నది ఆయనే. కేసు నిలవలేదు. కొట్టినవాళ్లకు పోలీసుల్లో చుట్టముండడమే కారణమని మా ఇంట్లో అందరూ నమ్మారు. ఇంట్లో ఒక పోలీసు ఉంటే తప్ప బతకలేమని నాయన అప్పుడే తీర్మానించుకున్నాడు. పెద్దయ్యాక తనే చిత్తూరుకు పోలీసు సెలెక్షన్లకు పోయి, పరుగులో చివరి చుట్టులో కింద పడి, మోకాళ్లు చెక్కుకుపోయి తిరిగి వచ్చాడు. ఇక అన్న పుట్టాడు. అన్న పేరు మునిరత్నం. నడక వచ్చిన రోజునుంచే వాడి కాళ్లు మా నాయనవి.

నాయన ఎప్పుడూ కోపంగానే ఉండేవాడంటే అబద్ధమవుతుంది. బెల్లం వండే రోజుల్లో ఆయన వేరే మనిషి. గానుగ దగ్గర పెద్ద పెనంలో చెరకు రసం కాగుతుంటే, నురుగు తీసి పారేస్తూ, ఆవిరిలో సగం కనబడుతూ సగం కనబడక, చాలా నిదానంగా కదిలేవాడు. పాకం తొందరపడితే మాడుతుంది, ఆలస్యమైతే గట్టిపడదు. అరటాకు ముక్క మీద వేడి పాకం పోసి, ఊది ఊది చల్లార్చి, మా ఇద్దరికీ పెట్టేవాడు. ఆ చేతులే ఇంటికొచ్చాక సంగటి చల్లగా ఉందని అమ్మ మీదికి కంచం విసిరేవి. సంగటిలోకి నూరిన ఊరుబిండి గోడకు అతుక్కుని కిందికి జారుతుంటే, అమ్మ పేడనీళ్లు తెచ్చి ఏమీ జరగనట్టు అలికేది. మా అవ్వ, అంటే నాయనమ్మ, పంచలో కూర్చుని వక్కాకు దంచుకుంటూ ఉండేది. మా ఇంట్లో దెబ్బల శబ్దం, ఆ దంపుడు శబ్దం కలిసే వినబడేవి.

తెల్లవారకముందే నాయన అన్నను లేపేవాడు. పిలిచి కాదు, కాలితో తన్ని. అన్న చొక్కా లేకుండా, చెప్పుల్లేకుండా బండిబాటలో ముందు పరిగెత్తేవాడు. వెనక నాయన సైకిలు మీద. ఎడమచేత్తో హ్యాండిలు, కుడిచేతిలో చర్నాకోల. వేగం తగ్గితే మొదట బెల్లు మోగించేవాడు. బెల్లుకు కూడా అడుగు లేవకపోతే తోలు పిక్కల మీద పడేది. “ఉరుకురా! నీ తాతను సంపినోళ్లు నీ ఎనకాలే వస్తా ఉండారనుకోని ఉరుకు!” అని అరిచేవాడు. ఆ అరుపుకు చెరకు తోటల్లో కాపలా పడుకున్నవాళ్లు కూడా లేచేవాళ్లు. గానుగదాకా పోయి, అక్కడినుంచి కాణిపాకం రోడ్డెక్కి, మామిడితోపు చుట్టి ఇంటికి రావాలి. అన్న గడపలో పడేసరికి పిక్కల మీద ఎర్రటి వాతలు లేచి ఉండేవి. అవ్వ ఆముదంలో పసుపు కలిపి వెచ్చజేసి రాసేది. రాస్తూ, “ఏడ్సద్దు నాయనా. ఏడిస్తే వానికి ఇంగా రోసమొస్తాది” అని మెల్లగా చెప్పేది. మా తాత కూడా ఆమెను కొట్టినవాడేనని చాలా కాలానికి గాని నాకు తెలియలేదు.

నేనూ వాళ్ల వెనక పరిగెత్తేదాన్ని. చేతికి నీళ్ల చెంబు ఇచ్చి అమ్మ పంపేది, దోవలో అన్న పడిపోతే ముఖాన చల్లడానికి. ఆడపిల్ల పరుగును ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. నా వెనక సైకిలు లేదు. చెంబులో నీళ్లు తొణకకూడదు కాబట్టి మెల్లగా పోవాలి, వాళ్లు మరీ దూరమైపోకూడదు కాబట్టి ఆగకూడదు. ఆ నడుమ ఒక పరుగు ఉంటుంది. అది నాకు దానంతటదే పట్టుబడింది. కాసేపటికి ఊపిరి కాళ్లతో కలిసిపోయేది. తడిమట్టి వాసన, కాలువలో నీళ్లు మళ్లిన చప్పుడు, పూతకొచ్చిన మామిడితోపులోంచి ముక్కుకు తగిలే ఘాటు, పొదలోంచి బుర్రుమని లేచే కౌజుపిట్టలు, అన్నీ ఒకటొకటిగా నా దగ్గరికి వచ్చేవి. ఇంటికి చేరేసరికి ఒళ్లు వెచ్చగా, తేలికగా ఉండేది. ఆకలి బాగా వేసేది. ఆ దోవలోనే ముందు పోయిన మా అన్నకు కౌజుపిట్టలు కనబడలేదని, మామిడిపూత వాసన ఒక్కరోజైనా తగల్లేదని తరవాత అన్నే చెప్పాడు. వాడికి ఆ దోవంతా ఒక బెల్లు శబ్దమే.

సెలెక్షన్లు దగ్గరికొచ్చాయి. ఎండలు ముదిరాయి. అన్నకు కడుపు చెడి, మూడు పూటలా గంజినీళ్ల మీదే ఉన్నాడు. ఆ పొద్దున అమ్మ గడపకు అడ్డం నిలబడి, “ఒళ్లు కాలిపోతా ఉండాదయ్యా బిడ్డకి. ఈ ఒక్క దినం ఇడిసిపెట్టు” అంది. నాయన నీళ్ల పొయ్యిలోంచి మండుతున్న కట్టె లాగి విసిరాడు. అమ్మ చెవి పక్కన జుట్టు చుర్రుమంది. ఆమె తప్పుకుంది. అన్న ఆమెను చూశాడు, నాయనను చూశాడు, బాట పట్టాడు.

మామిడితోపు మలుపు దగ్గర అన్న కాలు మడతపడింది. పడలేదు గాని ఆగిపోయాడు. బెల్లు మోగింది. అన్న వంగి కక్కుకున్నాడు. నాయన సైకిలు దిగకుండానే కొట్టాడు. వీపు మీద ఒకటి, మెడ మీద ఒకటి. ఇంకొకటి చెంపను చీల్చింది. నెత్తురు గడ్డందాకా కారింది. నేను చెంబు పట్టుకుని దగ్గరికి వచ్చేసరికి అన్న మళ్లీ గాల్లోకి లేచిన చర్నాకోల కొసను చేత్తో పట్టుకున్నాడు. పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. నాయన సైకిలుతో సహా రాళ్ల మీద పడ్డాడు. ఆ తరవాత జరిగింది చెప్పడానికి ఎంతసేపు పడుతుందో, జరగడానికి అంతసేపు పట్టలేదు. అన్న ఆయన రొమ్ము మీద కూర్చుని పిడికిళ్లతో ముఖం మీద కొట్టాడు. పెదవి పగిలింది. పన్ను ఊడి దుమ్ములో పడింది. సైకిలు పంపు ఊడదీసి భుజం మీద కొడితే ఎముక విరిగిన శబ్దం నాకు స్పష్టంగా వినబడింది. ఎండిన చెరకుగడ విరిచినట్టు ఉంది ఆ శబ్దం. నాయన అరవలేదు. కళ్లు తెరుచుకుని కొడుకును చూస్తూ ఉన్నాడు. నేనే అరిచాను. “అన్నా! సంపేస్తావా! అన్నా!” అంటూ చెంబులో నీళ్లన్నీ వాడి ముఖాన కొట్టాను.

అన్న ఆగాడు. పంపు చేతిలోంచి జారింది. నెత్తురూ నీళ్లూ కలిసి కారుతున్న ముఖంతో నన్ను చూసి, “అమ్మకి చెప్పు పాపా, నేను పోతా ఉండానని” అన్నాడు. “యాడికన్నా?” అన్నాను. కాణిపాకం రోడ్డు మీదికి నడిచి వెళ్లిపోయాడు. పరిగెత్తలేదు. రోడ్డు మలుపు తిరిగేదాకా ఒక్కసారి కూడా అడుగు వేగం పెంచలేదు.

నాయన విరిగిన భుజానికి పుత్తూరు కట్టు కట్టించారు. సైకిలు మీదనుంచి పడ్డానని ఆయన ఊరంతా చెప్పాడు. కట్టు విప్పాక ఒక భుజం కిందికి దిగిపోయింది. అన్న పేరు ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు. ఎత్తితే కంచం లేచేది. ఒకరోజు అమ్మ మరిచిపోయి, వాడికిష్టమని చింతచిగురు పప్పు చేసినప్పుడు వాడి పేరు అంది. నాయన ఆమె జుట్టు పట్టి తల గోడకేసి కొట్టాడు. ఆ రోజునుంచి నాకు చదువంటే ఇల్లు దాటే దోవ అయింది. తిరుపతిలో హాస్టల్లో చేరాను. చేరిన కొన్నాళ్లకు అన్న నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. చెంపమీది గాటు తెల్లబడింది. నాయుడుపేటలో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తున్నానని, సెలవులకు రమ్మని చెప్పాడు.

వెళ్లాను. చిన్న గది. గోడ పక్కన ఒక జత కాన్వాస్ బూట్లు. వాటిని చూసి నేను ఆశ్చర్యపోయాను. “ఇంగా ఉరుకుతా ఉండావా అన్నా?” అని అడిగాను. అన్న చెప్పాడు. వచ్చిన కొత్తలో నిద్ర పట్టేది కాదట. పడుకుంటే కాళ్లు వాటంతటవే తన్నుకునేవట. ఫ్యాక్టరీలో ఒకడు వెనకనుంచి భుజం తట్టి పిలిస్తే, చూడకుండానే తిరిగి గుద్ది ముక్కు విరగ్గొట్టాడట. “వాని మొగాన రగతం సూసినాక నాకు నాయన గుర్తొచ్చినాడు పాపా. నేనూ అట్లనే అయిపోతా ఉండానని భయమెత్తింది.” ఆ మర్నాడు పొద్దున్నే లేచి, ఏం చేయాలో తెలియక పరిగెత్తాడట. తెలిసిన పని అదొక్కటే. కొంచెం దూరం పోయాక వెనకనుంచి పాలవాడి సైకిలు బెల్లు మోగింది. అంతే, ఒళ్లంతా బిగుసుకుపోయి, కళ్లు మూసుకుని ఉరికి, రోడ్డు పక్కన పడి కక్కుకున్నాడట. “మర్నాడు మళ్లా పోయినా. బెల్లు మోగింది. ఈతూరి ఆపుకోని మెల్లింగా చేసినా. బెల్లు మోగితే ఇంగా మెల్లింగా. ఎవురన్నా ఎనకొస్తే ఇంకొంచెం మెల్లింగా. వాళ్లు దాటుకోని పోతారు గదా, పోనీ. ఎవురూ కొట్టరు.”

మర్నాడు నన్నూ తీసుకుపోయాడు. ఊరు దాటాక పొలాల మధ్య రోడ్డు. “మాట్లాడతా రా. మాట ఆగిందంటే జోరెక్కువైందని లెక్క” అన్నాడు. మా ఊరి బాటలో నేను ఒంటరిగా కనిపెట్టిన పరుగు అదే. వాడు ఎన్నో దెబ్బలు తిని, ఒకరిని కొట్టి, చుట్టూ తిరిగి దాని దగ్గరికి వచ్చాడు. ఆ పొద్దున అన్న నాతో మాట్లాడినంత మా బాల్యమంతా కలిపినా మాట్లాడలేదు. నాయన పన్ను ఊడినప్పుడు తనకు కలిగిన సంతోషం గురించి చెప్పాడు. ఆ సంతోషాన్ని తలుచుకుంటేనే ఇప్పుడు ఒళ్లు జలదరిస్తుందన్నాడు. ముఖాముఖి కూర్చుంటే ఆ మాటలు వచ్చేవి కావు. పక్కపక్కన, ముందుకు చూస్తూ, ఊపిరి సమంగా ఆడుతుంటే వచ్చాయి. ఆ అలవాటుతోనే వాడికి నిద్ర తిరిగి వచ్చింది. తిన్నది ఒంటబట్టింది. పిడికిలి బిగుసుకోవడం తగ్గింది. పెళ్లి చేసుకున్నాడు, పిల్లల్ని కన్నాడు. వాళ్ల మీద చెయ్యెత్తలేదని వదిన ఒకసారి నాతో చెప్పింది. కోపమొస్తే బూట్లు వేసుకుని బయటికి పోయేవాడట. కోపం దిగేదాకా వచ్చేవాడు కాదట.

అమ్మ పోయింది. నాయన ఒక్కడే మిగిలాడు. వంట చేసిపెట్టే ఆమె మీద గరిటె విసిరాడు. కూలికొచ్చినవాణ్ని పార కామతో కొట్టి కాలు విరగ్గొట్టాడు. ఆ పంచాయితీ తీర్చేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆ తరవాత మా వాకిట్లోకి ఎవరూ రాలేదు. చివరికి గుండెనొప్పితో తిరుపతి ఆస్పత్రిలో పడ్డాడు. నేను ఫోన్ చేస్తే అన్న వచ్చాడు. అన్నేళ్ల తరవాత కొడుకును చూసి నాయన అన్న మాట ఇది. “వచ్చినావా? ఈ పక్క బుజం బాగానే ఉండాది. ఇరగ్గొట్టు.”

అన్న మంచం పక్కన ఆయన చెప్పులు వెతికి తీశాడు. “లే నాయనా. మనింటికి పోదాం” అన్నాడు.

నాకది నచ్చలేదు. పిల్లలున్న ఇంటికి ఆ మనిషిని తీసుకుపోతావా అని అన్నతో గట్టిగా పోట్లాడాను. “ఆయన్ని నేను చూసుకుంటా. బిడ్డల మీద చెయ్యి పడిందంటే ఆ దినమే తెచ్చి నీ ఇంట్లో ఇడుస్తా” అన్నాడు. కొన్నాళ్ల తరవాత ఎలా ఉన్నారో చూద్దామని నాయుడుపేట వెళ్లాను. డాక్టరు నాయనను రోజూ నడవమన్నాడు. చేతికర్ర పట్టుకుని ఆయన నడుస్తుంటే, పక్కన అన్న పరిగెత్తేవాడు. ముసలివాడి నడకకు సమంగా పరిగెత్తడం ఎంత కష్టమో పరిగెత్తేవాళ్లకు తెలుసు. పాదం ఎత్తిన చోటుకు వేలెడు ముందు మళ్లీ పెట్టాలి. నేను వాళ్ల వెనక నడిచాను.

కొంచెం దూరం పోయాక కుర్రాళ్లు కొందరు మమ్మల్ని దాటుకుని వేగంగా పరిగెత్తి వెళ్లారు. నాయన వాళ్లను చూశాడు. ముఖం నల్లబడింది. “వాళ్లను చూడరా! నువ్వేందిరా ముసిలిదాని మాదిరి! ఉరుకు!” అన్నాడు. అన్న అదే అడుగు. “ఉరకరా!” కర్ర లేచింది. అన్న పిక్క మీద పడింది. నేను ముందుకు ఉరకబోతే అన్న చెయ్యి చాచి నన్ను ఆపాడు. ఇంకొకటి పడింది. ఇంకొకటి. చర్మం కమిలి ఎర్రబడింది. అన్న పరిగెత్తడం ఆపలేదు, వేగం పెంచలేదు, వెనక్కి తిరగలేదు. నాకు వాడి వీపు మాత్రమే కనబడుతోంది. అది ఊపిరితో పాటు సమంగా లేస్తూ దిగుతూ ఉంది. కొట్టీ కొట్టీ నాయనకే ఆయాసమొచ్చింది. కర్ర చేతిలోంచి జారి రోడ్డు పక్కకు దొర్లింది. ఆయన మోరీ గట్టు మీద కూలబడ్డాడు. ఆ దిగిపోయిన భుజం చొక్కాలో వణుకుతోంది.

అన్న తిరిగి వచ్చి ఆయన ముందు నిలబడ్డాడు. నాయన వాడి ముఖం చూడలేదు. కాళ్లు చూశాడు. చాలాసేపు చూశాడు.

“నొచ్చిందా?” అన్నాడు.

మా జీవితంలో ఆ మాట ఆయన నోటినుంచి ఎవరమూ వినలేదు.

“నొచ్చింది నాయనా.”

“అప్పుడు?”

“అప్పుడూ నొచ్చింది.”

నాయన తల ఊపాడు. తప్పయిందని అనలేదు, తరవాత కూడా ఎన్నడూ అనలేదు. పోయేదాకా కసిరేవాడు, తిట్టేవాడు. కాని అన్న ఇంట్లో ఎవరి మీదా ఆయన చెయ్యి మళ్లీ లేవలేదు. ఆ పొద్దున కాసేపు ఊపిరి తీసుకుని, మోరీ గట్టు పట్టుకుని లేవబోయాడు. కాలు నిలవలేదు. అన్న భుజం ఇచ్చాడు. ఆయన దాని మీద చెయ్యి వేసి రెండడుగులు వేసి ఆగి, కింద పడిన కర్రను తీయబోతున్న నన్ను చూసి, “దాన్ని ఆడనే ఉండనీ మే” అన్నాడు. ముగ్గురం ఇంటివైపు నడిచాం.